మహమ్మారి రోజుల్లో పట్టణంలో ఎవరూ పస్తులుండకుండా చూడాలంటే ముందుగా ఏం చేసుకోవాలి?

తమ్ముడు అడిగింది ఇది. మహబూబ్‌నగర్‌లో వాళ్లదొక యువజన సంఘం. 2020 కరోనా లాక్‌డౌన్‌లో అన్నం పొట్లాలు పంచారు. మళ్లీ అట్లాంటి రోజులొస్తే ఒంటరి ముసలివాళ్లకు, వలస కూలీలకు, రోగమొచ్చి తలుపులేసుకున్న ఇళ్లకు తిండి ఆగకుండా ఉండాలంటే పట్టణం ఎట్లా సిద్ధం కావాలి, పెద్ద నగరాలు ఏం చేశాయి అని అడిగాడు. నేను మెప్మాలో (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థలో) మహిళా సంఘాలతో చాలా ఏళ్లు పనిచేశాను. లాక్‌డౌన్ అంతా వార్డుల్లోనే తిరిగాను. చూసింది, నేర్చుకుంది వివరంగా రాస్తున్నాను.

అప్పుడు మనకు బియ్యం కొరత రాలేదు. ఈ విషయం గట్టిగా గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే చాలామంది సాయం అంటే బియ్యం మూటలు పోగుచేయడమే అనుకుంటారు. 2020 మార్చిలో లాక్‌డౌన్ మొదలవగానే రాష్ట్ర ప్రభుత్వం ఆహార భద్రత కార్డున్న ఇంట్లో మనిషికి 12 కిలోల బియ్యం ఉచితంగా, ఇంటికి 1,500 రూపాయలు ప్రకటించింది. కేంద్రం మనిషికి నెలకు అదనంగా 5 కిలోలు, ఇంటికి కిలో పప్పు అన్నది. మిర్యాలగూడలో మిల్లులున్నాయి, గోదాముల నిండా ధాన్యం ఉంది. అయినా పస్తులున్న వాళ్లున్నారు. ఎందుకు ఉన్నారో అర్థమైతే మీ ప్రశ్నకు సగం జవాబు దొరికినట్టే.

పాత పాలమూరులో ఒక పెద్దమ్మ ఉండేది. కొడుకూ కోడలూ బొంబాయి పోయారు, బండ్లు బందై అక్కడే ఇరుక్కున్నారు. రేషన్ బియ్యం డీలర్ పంపించాడు. నేను పోయి చూస్తే సంచి మూతి కుట్టు కూడా విప్పకుండా గోడకు ఆనించి ఉంది. ఆమె చేతులు వణుకుతాయి, గంజి వార్చడం ఆమె వల్ల కాదు. సిలిండర్ కూడా అయిపోయింది. అప్పటిదాకా పక్కింటి కోడలు రోజూ గిన్నెలో ఇంత అన్నం, పప్పుచారు పెట్టి పోయేది. ఆ పక్కింట్లో ఒకరికి పాజిటివ్ వచ్చింది, వాళ్ల తలుపు మూతపడింది, దాంతో ఈమె అన్నం ఆగిపోయింది. మా కాగితాల్లో మాత్రం ఆమె పేరు పక్కన ‘రేషన్ అందింది’ అని టిక్కు ఉంది.

అందుకే నా లెక్కలో ఆకలితో ఉండేవాళ్లు ఒక్క రకం కాదు. కొందరి దగ్గర గింజలే ఉండవు. కొందరి దగ్గర గింజలుంటాయి, వండుకునే శక్తో పొయ్యో ఉండదు. ఇంకొందరికి డబ్బు, పొయ్యి, ఓపిక అన్నీ ఉంటాయి, గడప దాటే వీలుండదు. మొదటి రకానికి బియ్యం, పప్పు, నూనె కావాలి. రెండో రకానికి వండిన అన్నం కావాలి. మూడో రకానికి డబ్బు తీసుకుని సామాను తెచ్చిపెట్టే మనిషి కావాలి. అందరికీ ఒకటే కిట్టు పంచితే కొన్ని ఇళ్లలో మూటలు పేరుకుపోతాయి, కొన్ని ఇళ్లలో పొయ్యి వెలగదు.

కాబట్టి మొదటి పని జాబితా. ఆఫీసులో కంప్యూటర్ నుంచి తీసిన ప్రింటుతో పని కాదు, గల్లీ గల్లీ తిరిగి రాసినదే కావాలి. రేషన్ కార్డుల జాబితాలో కార్డు లేనివాళ్లు ఉండరు. ఓటర్ల జాబితాలో ఒడిశా, బిహార్ నుంచి వచ్చినవాళ్లు ఉండరు. పింఛన్ జాబితాలో 50 ఏళ్ల మంచంపట్టిన మనిషి ఉండకపోవచ్చు. ఇవన్నీ తెలిసినవాళ్లు మాత్రం ప్రతి వార్డులోనూ ఉన్నారు. ఆశా వర్కర్‌కు ఎవరికి షుగర్, ఎవరు డయాలసిస్‌కు పోతున్నారు, ఎవరు టీబీ మందులు వాడుతున్నారు అన్నీ తెలుసు. అంగన్‌వాడీ టీచర్‌కు ఏ ఇంట్లో గర్భిణి ఉందో, ఏ బిడ్డ బరువు తక్కువుందో తెలుసు. మా ఆర్పీలకు (మహిళా సంఘాలను చూసుకునే రిసోర్స్ పర్సన్లకు) సంఘంలో ఎవరి ఇల్లు ఎట్లా గడుస్తుందో తెలుసు. కార్డున్నా బియ్యానికి రానివాళ్లెవరో రేషన్ డీలర్‌కు తెలుసు. పాలు పోసే మనిషికి తెలిసినంత ఏ ఆఫీసర్‌కూ తెలియదు. వీళ్లందరినీ ఒక సాయంత్రం అంగన్‌వాడీ సెంటర్లో కూర్చోబెట్టి, గల్లీ మొదటి ఇంటి నుంచి చివరి ఇంటిదాకా నోటితో చెప్పించుకుని రాయండి. ఇంటికి ఒక వరుస చాలు: ఎందరున్నారు, వండుకోగలరా, గ్యాస్ ఉందా, ఏం తినకూడదు, వేళకు ఏ మందు పడాలి, తలుపు తీయకపోతే ఎవరికి ఫోన్ చేయాలి. ఒక ప్రశ్న మాత్రం తప్పకుండా అడగండి: ఈ ఇంటికి ఇప్పుడు అన్నం పెడుతున్నది ఎవరు? పెట్టేవాళ్ల ఇంట్లో జబ్బొస్తే తినేవాళ్ల పేరు వెంటనే పైకి రావాలి. పెద్దమ్మ విషయంలో అక్కడే లంకె తెగింది.

రోగాల వివరాలున్న కాగితం కాబట్టి అది అందరి ఫోన్లలో తిరగకూడదు. వాట్సాప్ గ్రూపులో అసలే పెట్టొద్దు. టీబీ, హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల సంగతి బయటపడితే అద్దె ఇల్లు ఖాళీ చేయించే యజమానులున్నారు. జబ్బు పేరు రాయకుండా ‘మెత్తటి అన్నం’, ‘తీపి వద్దు’, ‘గుడ్డు తప్పనిసరి’ అని రాస్తే వంటవాళ్లకు సరిపోతుంది.

నల్లగొండ వైపు ఒక మాట అదనంగా చెప్పాలి. మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల్లో పాత ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు వంగిపోయిన పెద్దవాళ్లున్నారు. వాళ్లు రేషన్ షాపు దాకా నడవలేరు, గల్లీ చివర ఆటో ఆపి మైకులో పిలిస్తే రాలేరు. పంపిణీ అంటే రోడ్డు మీద వరస కట్టించడమే అనుకుంటే వీళ్లకు ఎప్పటికీ అందదు. వీళ్ల వాటా మంచం దాకా పోవాలి.

ఇక వంట సంగతి. 2020 మార్చి చివరి వారంలోనే కేరళలో స్థానిక సంస్థలు, కుటుంబశ్రీ అనే అక్కడి మహిళా సంఘాలవాళ్లు కలిసి ఊరూరా సామూహిక వంటశాలలు మొదలుపెట్టారు. వాటి సంఖ్య వెయ్యి దాటింది. డబ్బు పెట్టగలిగిన వాళ్లకు 20 రూపాయల భోజనం, లేనివాళ్లకు ఉచితం, కదలలేనివాళ్లకు ఇంటికే. అంత వేగంగా ఎట్లా చేయగలిగారంటే, మనుషులు ముందే ఉన్నారు, సంఘాలు ముందే ఉన్నాయి. కొత్తగా కట్టిందేమీ లేదు. మనకూ మహిళా సంఘాలున్నాయి, బడుల్లో మధ్యాహ్న భోజనం వండే అక్కలున్నారు, బడి మూతపడితే వాళ్ల పనీ కూలీ రెండూ పోతాయి. పెళ్లిళ్ల సీజన్‌లో లాక్‌డౌన్ వస్తే ఫంక్షన్ హాళ్లు ఖాళీ, క్యాటరింగ్ మాస్టర్లు ఖాళీ, పెద్ద డేగిశాలు, బట్టీ పొయ్యిలు అన్నీ ఖాళీ. వీళ్లకు కూలీ ఇచ్చి పని పెట్టడమే మంచి పద్ధతి. కాలిఫోర్నియాలో 2020 ఏప్రిల్‌లో ఇదే ఆలోచనతో మూతపడ్డ హోటళ్ల చేత వంట చేయించి ఒంటరి వృద్ధుల ఇళ్లకు భోజనం పంపారు, ఖర్చు ప్రభుత్వం భరించింది. న్యూయార్క్‌లో బడుల్లో ఉచిత భోజనం పెడుతూనే, ఇల్లు కదలలేనివాళ్లకు పని లేక కూర్చున్న టాక్సీ డ్రైవర్ల చేత పొట్లాలు పంపించారు. మన దగ్గర అదే పని ఆటోవాళ్లు చేయగలరు. వాళ్లకు ఏ ఇల్లు ఎక్కడో తెలుసు, పైగా ఆ రోజుల్లో వాళ్ల ఇళ్లలోనూ పొయ్యి వెలగాలి కదా.

పట్టణమంతటికీ ఒకే పెద్ద వంటశాల పెట్టొద్దని నా గట్టి అభిప్రాయం. అక్కడ ఒక్కరికి జబ్బొస్తే అంతా మూతపడుతుంది. మూడు నాలుగు వార్డులకొకటి పెడితే ఒకటి ఆగినా పక్కది నడుస్తుంది, వేడి వేడిగా ఇంటికి చేరుతుంది. వండేవాళ్లు రెండు జట్లుగా ఉండాలి, ఒక జట్టు ఇంకో జట్టును కలవకూడదు.

మన ఎండల్లో వండిన అన్నం గురించి భయం ఉండాలి. ఏప్రిల్, మే నెలల్లో పాలమూరులో 40 డిగ్రీలు దాటుతుంది. అన్నంలో ఒక రకం సూక్ష్మజీవి ఉంటుంది, ఉడికించినా దాని బీజం (స్పోర్) చావదు. గోరువెచ్చగా గంటల తరబడి ఉంచితే అది పెరిగి విషం వదులుతుంది, మళ్లీ వేడిచేసినా ఆ విషం పోదు. అన్నం 60 డిగ్రీల పైన పొగలు కక్కుతూ ఉండాలి, లేదా నాలుగు గంటల లోపు కడుపులో పడాలి. దాతలు పొద్దున్నే వండించి, ఫొటోలు అయ్యాక, పెద్దమనిషి వచ్చాక పంచిన పొట్లాలు మధ్యాహ్నానికి పులిసిన వాసన రావడం నేను చూశాను. రోగం భయంతో ఆసుపత్రికి పోలేని రోజుల్లో వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ముసలివాళ్లు తట్టుకోలేరు. అందుకే పప్పూ అన్నం ఒకే పొట్లంలో కలపొద్దు. దూరం పోయే వాటికి చింతపండు పులిహోర, నిమ్మకాయ అన్నం నయం, పులుపు కొంత కాపాడుతుంది. వండిన టైము పొట్లం మీద పెన్నుతో రాయాలి. కొలతకు మధ్యాహ్న భోజనం లెక్క పనికొస్తుంది: ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు పూటకు 150 గ్రాముల బియ్యం, 30 గ్రాముల పప్పు, 75 గ్రాముల కూరగాయలు. కష్టం చేసే కూలీకి బియ్యం ఇంకాస్త పెంచుకోవాలి.

బియ్యం ఒక్కటే ఇస్తే ఎంత సరిపోతుందో కూడా లెక్క చూసుకోండి. మనిషికి నెలకు 12 కిలోలంటే రోజుకు 400 గ్రాములు, సుమారు 1,400 క్యాలరీలు. విపత్తుల్లో సాయం చేసే సంస్థలు మనిషికి రోజుకు 2,100 క్యాలరీలు కావాలని లెక్కేస్తాయి. 12 కిలోలిచ్చినా మూడింట రెండు వంతులే. మామూలు రోజుల్లో వచ్చే 6 కిలోలైతే మూడో వంతు. మిగతాది పప్పు, నూనె, గుడ్డు, కూరగాయల నుంచి రావాలి. దాతలు వచ్చి ఏమివ్వమంటారు అని అడిగితే బియ్యం వద్దని చెప్పండి. కందిపప్పు, మంచినూనె, కారం, ఉప్పు, చింతపండు, ఉల్లిగడ్డలు, గుడ్లు అడగండి. సబ్బు అడగండి. సిలిండర్ డబ్బులు అడగండి.

కూరగాయల విషయం వేరే. 2020 ఏప్రిల్‌లో సూర్యాపేటలో కూరగాయల మార్కెట్ దగ్గరే కేసులు గుంపుగా బయటపడ్డాయి. మే నెలలో చెన్నై కోయంబేడు మార్కెట్‌లోనూ అదే జరిగింది, ఇంకా పెద్ద ఎత్తున. ఊరికి తిండి పెట్టే చోటే ఊరికి రోగం పంచింది. మార్కెట్ మూసేస్తే కూరగాయలు ఆగుతాయి, మూయకపోతే జబ్బు ఆగదు. దీనికి దారి ఒకటే, జబ్బు రాకముందే మార్కెట్‌ను ముక్కలు చేసుకోవడం. ఏ కాలేజీ మైదానంలో ఎన్ని గంపలు, ఏ బడి ఆవరణలో ఎన్ని, రైతుల బండ్లు ఏ దారిన వచ్చి ఏ దారిన పోవాలి అన్నది మ్యాపు గీసి మున్సిపాలిటీ దగ్గర ఉంచాలి. హైదరాబాద్‌లో వ్యాన్లలో మొబైల్ రైతు బజార్లు తిప్పారు. మన పట్టణాలకు తోపుడుబండ్లే చాలు, వార్డుకు ఇద్దరు ముగ్గురికి పాసులిస్తే జనం చేరరు, వాళ్ల బతుకూ ఆగదు.

వలస కూలీల సంగతికొస్తే మన జిల్లాలది రెండు వైపులా ఉన్న బాధ. పాలమూరు లేబర్ బొంబాయి, పుణెల్లో ఇరుక్కుంటారు. అదే సమయంలో ఒడిశా, బిహార్ మనుషులు మన ఇటుక బట్టీల్లో, రైస్ మిల్లుల్లో, జడ్చర్ల వైపు ఫ్యాక్టరీల్లో ఇరుక్కుంటారు. మన పిల్లలకు అక్కడెవరో ఇంత అన్నం పెట్టాలని కోరుకుంటాం కదా, ఇక్కడున్న వాళ్ల పిల్లల విషయంలోనూ అంతే బాధ్యత మనది. 2020లో రాష్ట్రం వలస కూలీలకు మనిషికి 12 కిలోల బియ్యం లేదా గోధుమ పిండి, 500 రూపాయలు ఇస్తామన్నది. పిండి అన్నది మంచి ఆలోచన, రొట్టె తినే మనిషికి బియ్యం ఇచ్చి చేతులు దులుపుకోవడం సాయం కాదు. చిక్కంతా వాళ్లు ఎక్కడున్నారో కాగితం మీద లేకపోవడమే. బట్టీలు ఊరవతల ఉంటాయి, మేస్త్రీ ఫోన్ ఎత్తడు. ఆ ఏడాది మే 1న వలస కూలీలను సొంత రాష్ట్రాలకు చేర్చే మొదటి శ్రామిక్ రైలు లింగంపల్లి నుంచి జార్ఖండ్‌కు బయల్దేరింది. వారం తిరిగేసరికి మన రైస్ మిల్లుల్లో హమాలీ పనికి బిహార్ ఖగడియా నుంచి కూలీలు రైల్లో వచ్చారు. మిల్లు నడవాలంటే వాళ్లు కావాలి. అటువంటప్పుడు వాళ్ల పేర్లు, ఊరు, వచ్చిన భాష ముందే ప్రతి బట్టీ నుంచి, ప్రతి మిల్లు నుంచి తీసుకుని తహసీల్దార్ ఆఫీసులో పెట్టుకోవడం కష్టమేమీ కాదు. హెల్ప్‌లైన్‌లో హిందీ, ఒడియా వచ్చిన ఒక్కరినైనా కూర్చోబెట్టాలి. రేషన్ కార్డున్న ఇతర రాష్ట్రాల వాళ్లు ఇప్పుడు ‘ఒకే దేశం ఒకే రేషన్ కార్డు’ కింద మన షాపుల్లోనే కేంద్రం వాటా తీసుకోవచ్చు. 2021 జూన్ 29న సుప్రీంకోర్టు దీన్ని అన్ని రాష్ట్రాలూ అమలు చేయాలని, వలస కూలీలకు రేషన్, సామూహిక వంటశాలలు నడపాలని ఆదేశించింది. ఆ తీర్పు కాపీ దగ్గర పెట్టుకుని మాట్లాడండి, ఆఫీసుల్లో మాటకు బలం వస్తుంది.

రోగమొచ్చి దిగ్బంధమైన ఇళ్ల గురించి కాస్త ఆగి చెప్పాలి. 2014 ఆగస్టులో ఎబోలా సమయంలో లైబీరియా రాజధాని మన్రోవియాలో వెస్ట్ పాయింట్ అనే పేదల బస్తీని రాత్రికి రాత్రి మూసేశారు. లోపలివాళ్లకు తిండి ఎట్లా అన్నది ఎవరూ ముందు ఆలోచించలేదు. జనం తిరగబడ్డారు, కాల్పుల్లో ఒక పిల్లవాడు చనిపోయాడు, పది రోజులకే దిగ్బంధం ఎత్తేయాల్సి వచ్చింది. డబ్బున్న నగరాలకూ ఈ కష్టం తప్పలేదు. 2022 వసంతంలో రెండున్నర కోట్ల జనమున్న షాంఘై మూతపడితే మధ్యతరగతి ఇళ్లలోనూ కూరగాయలు నిండుకున్నాయి. అపార్ట్‌మెంట్ వాళ్లంతా కలిసి ఒకేసారి ఆర్డర్ పెట్టి తెప్పించుకుని గడిపారు. ఫోన్ వాడడం రాని ముసలివాళ్లకు ఇరుగుపొరుగే దిక్కయ్యారు. ఆకలేస్తే మనిషి బయటికొస్తాడు, జబ్బు దాచుకుంటాడు. మన గల్లీల్లో టెస్టు చేయించుకోవడానికి భయపడ్డవాళ్లలో చాలామంది ఆస్పత్రికి భయపడలేదు, బారికేడ్ కడితే కూలీ ఎట్లా అని భయపడ్డారు. బారికేడ్ కట్టే రోజే మొదటి పూట అన్నం ఆ గడప ముందుకు చేరాలి. నీళ్ల క్యాన్, మందులు, చంటిబిడ్డ ఉంటే పాలపొడి కూడా. అరుగు మీద పెట్టి, తలుపు కొట్టి, నాలుగడుగులు వెనక్కి జరిగి, వాళ్లు తీసుకునేదాకా నిలబడి పేరు పెట్టి పలకరించి రావాలి. ఆ పలకరింపులో ఎవరికి ఆయాసం వస్తుందో, ఎవరు రెండు రోజులుగా తినలేదో తెలుస్తుంది.

ఎవరూ లెక్కలోకి తీసుకోనివాళ్లు ఇంకొందరున్నారు. పెద్దాసుపత్రి బయట పేషెంట్ల వెంట వచ్చినవాళ్లు. నారాయణపేట నుంచో అచ్చంపేట నుంచో అంబులెన్స్‌లో వచ్చి దిగుతారు. లోపలున్న మనిషికి ఆస్పత్రి భోజనం పెడుతుంది, వెంట వచ్చిన భార్యకు పెట్టదు. హోటళ్లు బంద్. చెట్టు కింద బిస్కెట్ ప్యాకెట్‌తో గడిపినవాళ్లను చూశాను. మీ సంఘం ఒక్క చోటే పనిచేయగలదంటే అక్కడ చేయమంటాను. తర్వాత గదులు అద్దెకు తీసుకుని చదువుకునే పిల్లలు, బస్టాండ్‌లో ఉండేవాళ్లు, ట్రాన్స్‌జెండర్లు. వీళ్లలో చాలామందికి కార్డు ఉండదు, ఉన్నా సొంతూరిలో ఉంటుంది. ఢిల్లీలో కార్డు లేనివాళ్లకు ఈ-కూపన్లిచ్చి రేషన్ ఇచ్చారు. మంచి పనే, కానీ స్మార్ట్‌ఫోన్ లేనివాళ్లకు దరఖాస్తు పెట్టడమే పెద్ద పని అయింది. మనమైతే చేతి రాతతో, వార్డు ఆర్పీ సంతకంతో ఇచ్చే చీటీ పెట్టుకోవాలి.

ఇంటింటికీ ఒకే పెట్టె పంపే పద్ధతి ఇంగ్లండ్‌లో చేశారు. తీవ్ర జబ్బులున్న లక్షలమందికి 2020 మార్చి చివరి నుంచి జులై దాకా ప్రభుత్వమే సరుకుల పెట్టెలు పంపింది. అందరికీ ఒకటే సరుకు కావడంతో షుగర్ ఉన్నవాళ్లకు, వేరే ఆహారపు అలవాట్లున్నవాళ్లకు అందులో చాలావరకు పనికిరాలేదు. మన దగ్గర రంజాన్ నెలలో ఉపవాసం ఉన్న ఇంటికి మధ్యాహ్నం పన్నెండింటికి పొట్లం ఇస్తే ఏం లాభం? షాసాబ్‌గుట్ట వైపు బండి సాయంత్రం పోవాలని వండేవాళ్లకు ముందే తెలియాలి.

డబ్బు, కాగితాల సంగతి క్లుప్తంగా. 2020 మార్చి 28న కేంద్రం రాష్ట్ర విపత్తు నిధిని ఇరుక్కుపోయిన కూలీల, ఇల్లు లేనివాళ్ల భోజనానికి, వసతికి వాడుకోవచ్చని ఉత్తర్వు ఇచ్చింది. ఏప్రిల్‌లో వంటశాలలు నడిపే స్వచ్ఛంద సంస్థలు వేలం లేకుండానే ఎఫ్‌సీఐ (భారత ఆహార సంస్థ) నుంచి కిలో 22 రూపాయలకు బియ్యం కొనుక్కునే వీలిచ్చారు. మా పట్టణంలో చాలా సంఘాలకు ఈ సంగతి ఆలస్యంగా తెలిసి బయట ఎక్కువ ధరకు కొన్నాయి. ఈసారి మీ సంఘం రిజిస్ట్రేషన్, పాన్, బ్యాంకు ఖాతా సిద్ధంగా ఉంచుకోండి. పౌర సరఫరాల ఆఫీసులో, మున్సిపల్ కమిషనర్ ఆఫీసులో ఒక్కొక్కరు ఫోన్ ఎత్తి మాట్లాడేంత పరిచయం ఉంచుకోండి.

ఫొటోల గురించి చెప్పకుండా ఉండలేను. అన్నం తీసుకుంటున్న మనిషి మొహం ఫొటో తీయకండి. నిన్నటిదాకా మేస్త్రీగా పదిమందికి కూలీ ఇచ్చిన మనిషి వరసలో నిలబడడానికే చచ్చిపోతాడు. ఆ ఫొటో స్టేటస్‌లో పడితే రేపు రాడు, ఇంట్లో పిల్లలు పస్తుంటారు. లెక్క కోసం కావాలంటే డేగిశా ఫొటో తీయండి, పొట్లాల ఫొటో తీయండి.

మొదలుపెట్టడానికి కొత్త మహమ్మారి దాకా ఆగాల్సిన పని లేదు. ప్రతి ఏడాది వానాకాలంలో డెంగీ, విషజ్వరాలు వస్తాయి, ఇంట్లో అందరూ ఒకేసారి పడకేసిన ఇళ్లు ప్రతి వార్డులో కనిపిస్తాయి. వీరన్నపేటలోనో మెట్టుగడ్డలోనో ఒకే ఒక గల్లీ తీసుకోండి. ఆర్పీని, ఆశాను, డీలర్‌ను కూర్చోబెట్టి జాబితా రాయండి. ఆగస్టు, సెప్టెంబర్ రెండు నెలలు ఆ జాబితా పట్టుకుని జ్వరమొచ్చిన ఒంటరి ఇళ్లకు రోజూ ఒక పూట జావో మెత్తటి అన్నమో పంపి చూడండి. ఏ ఇల్లు జాబితాలో తప్పిపోయింది, ఎవరి ఫోన్ నంబర్ మారింది, ఏ వంటామె పొద్దున ఎన్నింటికి రాగలదు అన్నవి అప్పుడే తేలిపోతాయి. అక్టోబర్‌లో ఆ కాగితంతో కమిషనర్ దగ్గరికి పోయి మిగతా వార్డుల గురించి అడగండి. జాబితా నమూనా కావాలంటే చెప్పండి, మేం వాడిన కాగితం తెలుగులోనే ఉంది, పంపిస్తాను.